తేట నీళ్ళలో చేపలెందుకు చచ్చిపోయాయి?

మా జంతుశాస్త్ర ప్రయోగశాల కిటికీ పక్కనున్న చేపల తొట్టిని చూడని విద్యార్థి మన కళాశాలలో వుండడు. ఇప్పుడందులో నాలుగు గోల్డ్ ఫిష్‌లు వున్నాయి. మొదట పన్నెండు వుండేవి. మిగతా ఎనిమిదీ ఏమయ్యాయని అడిగేవారికి యీ వ్యాసమే సమాధానం. వాటి చావులో నా చెయ్యి కూడా వున్నది గనుక రాయవలసిన బాధ్యతా నాదే.

సైన్సు ఎగ్జిబిషన్ రేపనగా తొట్టి, గులకరాళ్ళు, స్పాంజి ఫిల్టరు, చేపలు అన్నీ ఒక్కరోజే కొని తెచ్చాము. సుమారు 110 లీటర్ల కుళాయి నీళ్ళు పట్టి చేపల్ని వదిలాము. చూడవచ్చిన వాళ్ళంతా తలా చిటికెడు మేత వేసి సంతోషించారు. నాలుగో రోజుకి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళు చూస్తే అద్దంలా వున్నాయి. "ఏదో మురికి చేరి వుంటుంది, అంతా కడిగేద్దాం" అన్నవాణ్ణి నేనే. నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళనూ స్పాంజినీ కుళాయి కింద పెట్టి తళతళలాడేలా రుద్దాము. మర్నాటికి మూడు చేపలు వెల్లకిలా తేలాయి. మళ్ళీ కడిగాము. తొమ్మిదో రోజుకి మిగిలినవి అయిదు.

అప్పుడు మా లెక్చరరుగారు చుక్కల మందుతో రంగు చూసి కొలిచే పరీక్ష పెట్టె తెప్పించారు. లీటరుకు 4 మిల్లీగ్రాముల అమోనియా! పి.హెచ్. 8.

చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని మనలాగా యూరియాగా మార్చి బయటికి పంపదు. చాలా భాగం అమోనియాగానే మొప్పల గుండా వదిలేస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా వచ్చేది అదే. దానికి రంగు లేదు, ఆ కొద్దిపాటికి వాసనా తెలియదు. నీళ్ళలో అది రెండు రూపాల్లో వుంటుంది. అమ్మోనియం అయాను రూపంలో వుంటే హాని తక్కువ. అమోనియా వాయువు రూపంలో వుంటే మాత్రం మొప్పల్ని దెబ్బతీస్తుంది. ఏది ఎంత వుండాలో నిర్ణయించేవి పి.హెచ్., ఉష్ణోగ్రత. మా తొట్టిలాగా 29 డిగ్రీల వేడి, 8 పి.హెచ్. వుంటే మొత్తంలో నూటికి ఏడు పాళ్ళు విషరూపం. అదే పి.హెచ్. 7 అయితే నూటికి ఒక పాలు కూడా వుండదు. పక్కింటి వాళ్ళ తొట్టిలో చేపలు బతికాయి గదా, మా తొట్టిలో ఎందుకు చచ్చాయనే ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు.

మరి చెరువులో చేపలు ఎలా బతుకుతున్నాయి? ఇది నాకు పుస్తకం కంటే ముందు మా నాన్న చెప్పారు. ఫోన్లో సంగతంతా విని, "ఒరే, చేలో యూరియా మొత్తం ఒక్కసారే పోస్తామా? మూడు దఫాలుగా వెయ్యమూ? నువ్వు పోసినంతా తినేవాళ్ళు ఆ తొట్టిలో ఎవరున్నార్రా?" అన్నారు. యూరియా నేలలో అమోనియాగా మారుతుంది, దాన్ని కొన్ని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగా, తరవాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు నీళ్ళతో జారిపోయి రైతుకి నష్టం. అందుకే మన దేశంలో 2015 నుంచి యూరియాకు వేప నూనె పూత తప్పనిసరి చేశారు. వేప ఆ సూక్ష్మజీవుల జోరు తగ్గిస్తుంది. మా చేలో మేము ఎవరికి కళ్ళెం వేస్తున్నామో, ఇక్కడ తొట్టిలోకి వాళ్ళనే బతిమాలి పిలవాలన్న మాట! తొట్టిని 'సైకిల్' చేయడమంటే ఇదే. సైకిలు తొక్కడానికీ దీనికీ సంబంధం లేదు, ఇది నత్రజని చక్రం.

ఈ పని జీవులు చేస్తున్నాయని తెలిసింది 1877లో. ఫ్రాన్సులో ష్లీసింగ్, ముంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గుండా నెమ్మదిగా దిగనిచ్చారు. దాదాపు ఇరవై రోజులు అమోనియా అమోనియాగానే దిగింది. ఆ తరవాత నైట్రేటు రావడం మొదలైంది. క్లోరోఫారం పోస్తే ఆగిపోయింది. ఇసుకే ఆ పని చేస్తుంటే మొదటి రోజునే చేయాలి, క్లోరోఫారానికి ఆగకూడదు గదా. మా తొట్టిలో లేనిది సరిగ్గా ఆ ఇరవై రోజులే. తరవాత 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ జీవుల్ని వేరుచేశాడు. నైట్రోసోమోనాస్ అమోనియాను నైట్రైటు చేస్తుందనీ, నైట్రోబాక్టర్ దాన్ని నైట్రేటు చేస్తుందనీ మనం చదువుకుంటాము. కాని మంచినీటి తొట్టెలలో రెండో పని ముఖ్యంగా చేసేది నైట్రోస్పైరా అని 1998లో హొవానెక్ బృందం చూపింది. రెండు పనులూ ఒక్కటే చేసుకోగల నైట్రోస్పైరాలు కూడా వున్నాయని 2015లో తేలింది. పరీక్షలో మాత్రం నైట్రోబాక్టర్ అనే రాయండి, మార్కులు పోగలవు.

ఇవి నీళ్ళలో తేలుతూ తిరిగేవి తక్కువ. రాళ్ళకు, అద్దానికి, అన్నిటికన్నా ఎక్కువగా స్పాంజికి జిగురుగా అంటుకుని వుంటాయి. కనుక నీళ్ళు మార్చితే అవి పోవు, స్పాంజిని కుళాయి కింద కడిగితే పోతాయి. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ చేప మొప్పల్నీ కాలుస్తుంది, వీటినీ చంపుతుంది. మేము శుభ్రం అనుకుని రెండుసార్లు చేసిన పని అది.

మిగిలిన అయిదింటి కోసం లెక్చరరుగారు చెప్పినట్టు నడిచాము. రోజూ మూడో వంతు నీళ్ళు తీసి, ఒక రాత్రి బకెట్లలో నిలవ వుంచిన నీళ్ళు పోశాము. తొందరైన రోజున రసాయనశాస్త్రం వాళ్ళ హైపో కాస్త కలిపాము. మూడో వంతు మార్చితే విషం మూడో వంతే తగ్గుతుంది, కాబట్టి అమోనియా అర మిల్లీగ్రాము దాటిన రోజున సగం మార్చాము. మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంత. "పాపం, పస్తు పెడుతున్నారు" అని మా అటెండరు గొణిగాడు గాని, చేప ఆకలికి అంత త్వరగా చావదు. అమోనియా మార్చడానికి ప్రాణవాయువు చాలా కావాలి. ఒక గ్రాము అమోనియా నత్రజనికి నాలుగున్నర గ్రాముల పైమాట. అందుచేత గాలి మోటారు రాత్రింబవళ్ళు నడిపాము, కరెంటు పోతే చెంబుతో నీళ్ళు ఎత్తి పోశాము.

పాలకు తోడు వేసినట్టు దీనికీ తోడు వేయవచ్చు. చాలాకాలంగా తొట్టి నడుపుతున్న ఒక పూర్వ విద్యార్థి తన పాత స్పాంజిలో సగం కోసి ఇచ్చారు. తడి ఆరకుండా తొట్టి నీళ్ళలోనే ముంచి తెచ్చి మా స్పాంజి పక్కన పెట్టాము. ఆ తొట్టిలో జబ్బు చేపలు లేవని ముందు చూసుకోవాలి సుమా. లేకపోతే తోడుతో పాటు రోగమూ వస్తుంది.

ఇరవయ్యో రోజున అమోనియా సున్నా. పండగ చేసుకున్నాము, అది తొందరపాటు. మొదటి జట్టు పని మొదలైంది గాని రెండో జట్టు ఇంకా పెరగలేదు. మధ్యలో నైట్రైటు పేరుకుంది. అది రక్తంలోకి వెళ్ళి హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేనిదిగా మారుస్తుంది. ఒకరోజు సెలవని కొలవలేదు. మర్నాడు ఒక చేప పోయింది, కోసి చూస్తే మొప్పలు కాఫీ రంగు. ఆ పూటే సగం నీళ్ళు మార్చి, లీటరుకు గ్రాము చొప్పున కల్లుప్పు కరిగించి పోశాము. ఉప్పులోని క్లోరైడు, నైట్రైటు మొప్పల గుండా లోపలికి పోకుండా అడ్డుపడుతుంది. ఇంత చవకైన మందు మొదటినుంచీ మా గదిలో డబ్బాలోనే వుంది.

ముప్పై ఎనిమిదో రోజుకి అమోనియా, నైట్రైటు రెండూ సున్నా. నైట్రేటు మాత్రం పెరుగుతోంది. అది అంత హాని కాదు, వారానికోసారి పాతిక వంతు నీళ్ళు మారిస్తే చాలు. తీసిన నీళ్ళు వృక్షశాస్త్రం వాళ్ళ బంతి మొక్కలకు పోస్తున్నాము. ఆ మొక్కల ఆకుపచ్చదనం చూసి మా నాన్న ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

నన్నడిగితే తొట్టి, ఫిల్టరు ముందు కొని, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి అయిదారు వారాలు కాచుకోవడం మేలు. చేపల్ని ముందే తెచ్చుకుని ఇరుక్కున్న వాళ్ళకు మాత్రమే పైన చెప్పిన పాట్లు. కొత్తవి ఎప్పుడు తెచ్చినా రెండేసి మించకుండా, మధ్యలో రెండు వారాలు ఎడం వుంచాలి. జనం పెరిగితే పని చేసే జట్టు కూడా పెరగడానికి వ్యవధి కావాలి.

స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి, కుళాయి కింద పెట్టరాదు అని సింకు పైన ఒక కాగితం అంటించాము. మొన్న ఎవరో చింపేశారు. రేపు మళ్ళీ అంటించాలి.