మీకు తెలుసా? ఇడ్లీ పాసు, గారె ఫెయిలు

బషీర్‌బాగ్‌లోని ఎల్‌బీ స్టేడియంలో 1955 నవంబరులో పాలీ ఉమ్రిగర్ న్యూజిలాండ్‌పై 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడి తొలి డబుల్ సెంచరీ అదే. అప్పట్లో ఆ స్టేడియం పేరు ఫతే మైదాన్. గణితం వాళ్లు చూసేది మాత్రం స్కోరు కాదు, బౌండరీ తాడు. లోపల ఏ ఇద్దరు ఫీల్డర్ల మధ్య తిన్నగా దారం లాగినా అది తాడు దాటి బయటికి పోదు. అలాంటి ఆకారమే కుంభాకార సమితి. (పేరు వినగానే కటకాలు గుర్తొస్తే తప్పు మీది కాదు, స్కూలు పుస్తకానిది.) ఇడ్లీ ఈ పరీక్షలో నెగ్గుతుంది. గారె నెగ్గదు, దారం చిల్లులోంచి పోతుంది. నెలవంకా అంతే. రెండు కుంభాకార సమితులు ఒకదానిపై ఒకటి పడితే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగం కూడా కుంభాకారమే. రెండింటినీ కలిపేస్తే మాత్రం ఆ హామీ లేదు.

ఇదంతా ఆకారాల ముచ్చటే అనుకోకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో ఇచ్చిన ఫలితం ఒకటి నేడు రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతంలో భాగం. అంచనాలోని పొరపాటును వర్గం చేసి కొలిస్తే వచ్చే గీత గిన్నెలా ఉంటుంది, ఆ గిన్నె లోపలి భాగం కుంభాకారం. అందుకే, తగిన సమాచారం ఆధారంగా సగటు తీస్తే అంచనా మెరుగవుతుందే తప్ప చెడదు. ఆయన పేరిట గణిత సంస్థ ఒకటి గచ్చిబౌలిలో, హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది.