మా బుల్లెమ్మ మళ్లీ గుడ్డు పెట్టింది!

మా ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన ముసలమ్మ ఒకత్తె ఉంది. పేరు బుల్లెమ్మ. నడిస్తే అటూ ఇటూ ఊగుతుంది. తెల్లారకుండానే అరిచి ఇల్లంతా లేపుతుంది. మనిషి కాదులెండి, బాతు!

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 2016లో కోతలయ్యాక మా చేలో బాతుల్ని మేపుకోడానికి వచ్చినవాళ్లు వెళ్తూ వెళ్తూ మా అమ్మాయి చేతిలో రెండు గుడ్లు పెట్టారు. కూర వండుకోమనే ఇచ్చారు. మా పిల్ల వింటేనా? పొదుగుకొచ్చిన కోడి కింద పెట్టించింది. కోడిగుడ్డుకు 21 రోజులు చాలు, బాతుగుడ్డుకు 28 రోజులు కావాలి. పాపం, ఆ కోడి ఇంకో వారం ఓపిగ్గా కూర్చుంటే ఒక్కటి బయటికొచ్చింది. అదే బుల్లెమ్మ.

మొదటి రెండు మూడేళ్లూ వరసపెట్టి గుడ్లు పెట్టింది. తర్వాత ఏడాదికేడాదీ తగ్గుతూ 2022లో పూర్తిగా మానేసింది. బాతుకు అది జబ్బు కాదు, వయసు. ముసలిదైపోయింది కదా, అరగదేమోనని ధాన్యం, తౌడు మానిపించి మెత్తటి అన్నం, నీళ్లలో నానేసిన బ్రెడ్డు పెట్టడం మొదలుపెట్టాను. పెద్దవాళ్లకి పెట్టినట్టే పెడుతున్నానని మురిసిపోయాను కూడా.

2024 ఫిబ్రవరిలో ఓ పొద్దున గంప ఎత్తితే గడ్డిలో గుడ్డు! మా అత్తగారు దానికి దిష్టి తీసింది. హాస్టల్లో ఉన్న అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. నాలుగో గుడ్డు చూసేసరికి మాత్రం గుండె గుభేలుమంది. పెంకు లేదు. చేత్తో తీస్తే తోలుసంచిలా జారింది.

ఆ తర్వాత రెండు రోజులకి బుల్లెమ్మ మేత ముట్టలేదు. ఒళ్లు ముడుచుకుని మూలన నిలబడి, తోక కిందికీ పైకీ ఆడిస్తూ ముక్కుతోంది. గుడ్డు లోపలే ఇరుక్కుంది. "ఆముదం రాసి పొట్ట నొక్కుదాం, వచ్చేస్తుంది" అంది అత్తగారు. నేనూ సీసా అందుకున్నాను. అంతలో మా ఆయన ఆటో తెచ్చారు కాబట్టి సరిపోయింది. లోపల గుడ్డు చితికితే పక్షి బతకడం కష్టమని పశువుల డాక్టరుగారు చెప్పాకగానీ నాకు తెలీదు.

ఆయన కాల్షియం ఇంజెక్షను ఇచ్చి, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో అరగంట కూర్చోబెట్టించారు. సాయంత్రానికి మరో తోలుగుడ్డు పడింది. బుల్లెమ్మ రెక్కలు దులుపుకుంది. నేను అక్కడే కూలబడ్డాను.

"ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగారు డాక్టరుగారు. చెప్పాను. ఆయన కోప్పడలేదు, విడమర్చి చెప్పారు. గుడ్డు పెంకులో నూటికి తొంభై వంతులు పైనే సున్నపు పదార్థం. అది ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది. మేతలో సున్నం లేకపోతే ఒంట్లోని ఎముకల్లోంచి లాక్కుంటుంది. గుడ్డును బయటికి తోసే కండరాలకీ అదే కావాలి. వయసైన బాతుకు గుడ్డు పెద్దదవుతుంది, పెంకు పల్చబడుతుంది. అన్నం, బ్రెడ్డు కడుపు నింపుతాయి, అంతే.

అసలు మళ్లీ గుడ్లు ఎందుకు మొదలెట్టిందంటారా? ముంగిస భయంతో వసారాలో రాత్రంతా లైటు వేసి ఉంచుతున్నాం. వెలుతురు ఎక్కువసేపుంటే బాతు గుడ్లకొస్తుందట. ఆ రాత్రి నుంచే లైటు తీసేశాం. గంప చుట్టూ ఇనుప వల కట్టించాం.

ఇప్పుడు మళ్లీ ధాన్యం, తౌడు, కాస్త దాణా పెడుతున్నాను. వానాకాలంలో నత్తలూ వానపాములూ అదే వెతుక్కుంటుంది. బాతులకు కోళ్లకంటే నియాసిన్ అనే బి విటమిన్ ఎక్కువ కావాలి, లేకపోతే కాళ్లు బలహీనపడతాయి. అందుకని ఉడికించిన బఠాణీలు నాలుగు వేస్తుంటాను. పాలకూర మాత్రం మానేశాను, అందులోని ఆమ్లం సున్నాన్ని ఒంటబట్టనివ్వదు. బూజు పట్టిన వేరుశనగ చెక్కయితే బాతుకి విషమే, మిగిలిపోయింది కదా అని వేసేరు సుమా! ముక్కు మునిగేంత లోతుగా బకెట్టు నీళ్లు ఎప్పుడూ పక్కనే ఉండాలి.

ఆల్చిప్పలు మాత్రం మేతలో కలపను. దంచి, సెనగబద్దంత ముక్కలు చేసి వేరే మూకుట్లో పెడతాను. మరీ పొడి చెయ్యను. ముక్కలైతే కడుపులో మెల్లగా కరిగి రాత్రికి అందుతాయి. వేరుగా ఎందుకంటే, గుడ్లు పెట్టని బాతుకి సున్నం ఎక్కువైతే మూత్రపిండాలు చెడతాయి. మూకుడు ఎదురుగా ఉంటే ఎంత తినాలో దానికే తెలుసు. గుడ్లు పెట్టే రోజుల్లో పది రోజులకి ఖాళీ చేసింది. ఆపేశాక కన్నెత్తి చూడలేదు.

ఇప్పటికైతే మళ్లీ మొదలెట్టలేదు. అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా "పెట్టిందా అమ్మా?" అంటుంది. "పెట్టకపోతేనే నయం, దాన్ని బతకనీ" అంటాను. అయినా తెల్లారి గంప ఎత్తగానే నా చూపు గడ్డిలోకే పోతుంది.