తొలి అడుగుకే మడమ శూల

మచిలీపట్నం: తెల్లవారుజామున మంచం దిగి కాలు నేలకు ఆనించగానే మడమలో మేకు దిగినట్లవుతుంది. గోడ పట్టుకుని, మునివేళ్ళ మీద నాలుగడుగులు వేసేసరికి కొంత సర్దుకుంటుంది. మధ్యాహ్నం అన్నానికి కూర్చుని లేచారో, మళ్ళీ అదే పోటు. దివిసీమలో నాట్లకు వెళ్ళే ఆడకూలీలు, పెడనలో పొద్దస్తమానం బల్ల ముందు నిలబడి కలంకారీ అచ్చులు వేసేవారు, గుడివాడ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసేవారు - నిలువుకాళ్ళ మీద బతికేవారెవరికైనా ఇది రావచ్చు. నలభై దాటినవారికి, ఒళ్ళు బరువెక్కినవారికి మరీ ఎక్కువ.

ఊళ్ళో మడమ శూల అనుకునే ఈ బాధకు డాక్టర్లు పెట్టిన పేరు ప్లాంటార్ ఫేషియైటిస్. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి పొడవునా దళసరి పట్టీ ఒకటి ఉంటుంది. వింటికి నారి ఎలాగో అరికాలి వంపుకు అది అలాగ. రోజుల తరబడి బరువు మోసి, మడమకు అతుక్కున్న చోట అది దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు పాదం వాలిపోయి పట్టీ బిగుస్తుంది. పొద్దున్నే తొలి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది. ఆ పోటు అందుకే.

ఎక్స్‌రే తీయిస్తే కొందరికి మడమ ఎముకకు చిన్న ముల్లులాంటిది కనిపిస్తుంది. దాన్ని చూసి హడలిపోనక్కరలేదు. నొప్పి ఏమాత్రం లేనివారికీ ఆ ముల్లు ఉంటుంది. పదిమందిలో తొమ్మిదిమందికి కత్తి పెట్టకుండానే, ఏడాది తిరిగేలోపు నయమవుతుంది. అయితే ఓపిక కావాలి. నాట్ల రోజుల్లో కూలి పోతుందన్న తొందరలో సూది మందుకు పరిగెత్తేవారికి ఆ ఓపికే కరవు. మడమలోకి వేసే స్టిరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిస్తుంది. పదేపదే వేయిస్తే పట్టీ తెగవచ్చు, మడమ కింది మెత్తటి కొవ్వు కరిగిపోవచ్చు. నొప్పి బిళ్ళలు నెలల తరబడి మింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు.

మంచం మీదే మందు

ఖర్చులేని వైద్యం ఒకటుంది. నిద్ర లేచాక కాలు కింద పెట్టకముందే, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకోవాలి. చేత్తో కాలివేళ్ళను పైకి, ముంగాలి వైపు లాగి, అరికాలు బిగుతుగా తగిలేటట్లు పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టాలి. ఇలా పదిసార్లు. చేయి అందనివారు కాలు చాచి, పాదానికి తువ్వాలు తగిలించి లాగితే సరి. రోజుకు మూడుసార్లు చేయాలి. పిక్కకు కూడా పని చెప్పాలి. గోడకు చేతులానించి, నొప్పికాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా అర నిమిషం ముందుకు వంగాలి. గుణం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. నాలుగు రోజులు చేసి మానేసేవారే ఎక్కువ.

సాయంత్రం పని దిగాక ఐసు మంచిది. గిలకలదిండి రేవులో చేపలకు వేసే ఐసు మడమకూ పనికొస్తుంది. గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెడితే చాలు.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళే పక్కా ఇళ్ళయ్యాయి. ప్రాణాలకు భద్రత వచ్చింది. పేడతో అలికిన మట్టినేల పోయి సిమెంటు గచ్చు, ఆపైన టైల్స్ వచ్చాయి. గట్టి గచ్చు మీద వట్టికాళ్ళతో తిరిగితే మడమ నొప్పి ముదురుతుంది. వంటింట్లో చెప్పులేమిటని అత్తగారు గొణిగినా, ఇంట్లోకి వేరే మెత్తటి జత పెట్టుకోవడమే మేలు. అరిగి అట్టలైన హవాయి చెప్పులు పనికిరావు. ఎం.సి.ఆర్. చెప్పుల్లాంటివి, మడమ కింద మెత్తగా దళసరిగా ఉండేవి కావాలి. బురదలో చెప్పులు కుదరవు గానీ, గట్టెక్కాక రోడ్డు మీద ఇంటికి నడిచేటప్పుడు వేసుకోవచ్చు.

ఇటుక కాపడంతో జాగ్రత్త

పొయ్యిలో కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు పరచి మడమతో తొక్కడం పాత చిట్కా. వెచ్చదనం కాసేపు హాయినిచ్చేమాట నిజమే. చక్కెర వ్యాధి ఉన్నవారు మాత్రం ఆ జోలికి పోకూడదు. ఆ జబ్బుతో తిమ్మిరెక్కిన కాలికి వేడి తెలియదు. బొబ్బ లేచి, పుండై, మానక, చివరకు కాలు తీసేయవలసిన పరిస్థితి రావచ్చు. ఐసు కూడా వారికి తగదు.

మడమ వాచినా, ఎర్రబడి జ్వరం తగిలినా, అరికాలు మొద్దుబారినా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా, ఎత్తు నుంచి దూకాక నొప్పి మొదలైనా ఇంటి వైద్యం ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. పాతికేళ్ళ కుర్రవాడికి రెండు మడమలూ నొస్తూ, పొద్దున్నే నడుమూ పట్టేస్తుంటే అది వేరే కీళ్ళజబ్బు కావచ్చు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కొత్త చెప్పులు కాక, రోజూ తొడిగే పాతవే వేసుకెళ్ళాలి. అవి ఎటువైపు అరిగాయో చూస్తే పాదం ఎలా పడుతున్నదీ డాక్టరుకు తెలుస్తుంది.