రెండేళ్ళలో వస్తానన్న అబ్బాయి ఎందుకు రాలేదు?

భీమవరం: అమెరికా చదువుకు వీసా అడిగే ప్రతి విద్యార్థీ చదువు కాగానే తిరిగి వస్తానని అధికారిని నమ్మించాలి. ఆ ఉద్దేశం లేనివారికి విద్యార్థి వీసా ఇవ్వకూడదని అక్కడి చట్టం. ఊరు వదిలేటప్పుడు తల్లిదండ్రులకు చెప్పేదీ అదే మాట. రెండేళ్ళు గడుస్తాయి. పట్టా చేతికి వస్తుంది. అబ్బాయి మాత్రం రాడు. "డాలర్ల రుచి మరిగాడు" అని రచ్చబండ దగ్గర తీర్పు చెప్పేస్తారు.

తీర్పు అంత తేలిక కాదు. వెళ్ళినవారిలో చాలామంది 'ఇక రాను' అని ఏనాడూ అనుకోరు. 'ఈ ఒక్క పని కానీ, వస్తాను' అంటూ ఒక్కో మెట్టు ఎక్కుతారు. వెనక్కి చూసేసరికి దిగడం కష్టమవుతుంది.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. చైనాను దాటి మన దేశం మొదటి స్థానానికి వచ్చింది. వారిలో 97,556 మంది చదువు ముగించి, శిక్షణ పేరిట అక్కడే ఉద్యోగాలు చేస్తున్నవారు. వీరిలో తెలుగు పిల్లలకు కొదువ లేదు.

మొదటి మెట్టు అప్పు

ఒక రైతు పొలం కుదువ పెట్టి 40 లక్షలు తెచ్చాడనుకుందాం. వడ్డీ నూటికి ఏడాదికి 11 రూపాయలు, గడువు పదేళ్ళు. నెలకు దాదాపు 55 వేలు కట్టాలి. హైదరాబాదులో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరుకు సాధారణంగా వచ్చేది ఏడాదికి మూడున్నర, నాలుగు లక్షలు. అంటే నెలకు 30 వేల చిల్లర. అమెరికా పట్టా చూసి రెట్టింపు ఇచ్చినా, వాయిదా పోగా మిగిలేది కూటికే చాలదు. అక్కడ ఉద్యోగం దొరికితే అదే అప్పు కొద్ది ఏళ్ళలో తీరుతుంది. కనుక మొదట కుర్రవాడిని ఆపేది ఆశ కాదు, అప్పు.

చట్టం తెరిచిన తలుపు

చదువైన తర్వాత ఏడాదిపాటు ఉద్యోగం చేసుకోవచ్చు. దీనినే ఓ.పి.టి. అంటారు. సైన్సు, ఇంజనీరింగు, కంప్యూటర్లు, గణితం చదివినవారికి మరో రెండేళ్ళు ఇస్తారు. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు.

ఆపైన హెచ్-1బి వీసా. ఏటా 85 వేలు మాత్రమే. అందులో 20 వేలు అమెరికాలో మాస్టర్స్, అంతకు పైచదువులు చదివినవారికి. అడిగేవారు ఎక్కువ కనుక లాటరీ తీస్తారు. ఈ ఏడాది రాకపోతే వచ్చే ఏడాది అని కాచుకు కూర్చుంటారు.

2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించింది. అక్కడే చదివి, అక్కడే ఉండి వీసా మార్చుకునేవారికి అది వర్తించదని అక్టోబరులో అధికారులు వివరించారు. ఇంటికి వచ్చి మళ్ళీ వెళ్దామనుకునే వారి కంటె అక్కడే ఉన్నవారికే వీలన్నమాట. ఇక ఎవరు కదులుతారు?

తరగని వరుస

ఆ తర్వాతి మెట్టు గ్రీన్ కార్డు. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చేవి దాదాపు 1,40,000. ఏ ఒక్క దేశానికీ నూటికి ఏడుకు మించకూడదని నిబంధన. చిన్న దేశానికీ, మనకూ అదే లెక్క. 2025లో ఎక్కువమంది భారతీయుల వంతు 2013 నాటి దరఖాస్తుల దగ్గరే నడుస్తోంది. ఈలోగా పెళ్ళి, ఇల్లు, పిల్లలు. ఆ పిల్లలకు అదే సొంత ఊరు.

ఈ నిరీక్షణలో ఉద్యోగం పోతే మరో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులే గడువు. ఇంట్లో చావు కబురు వచ్చినా బయలుదేరడానికి జంకుతారు. పాస్‌పోర్టు మీద కొత్త వీసా ముద్ర పడకపోతే తిరిగి వెళ్ళలేరు. 2025 డిసెంబరులో ముద్ర కోసం వచ్చినవారికి ఇచ్చిన తేదీలు నెలల తరబడి వాయిదా పడి, చాలామంది ఇక్కడే చిక్కుకున్నారు.

ఊరి పాత్ర

ఇందులో మన పాత్రా ఉంది. తిరిగి వచ్చిన కుర్రవాడిని "ఏం, ఉద్యోగం పోయిందా?" అని అడగని ఇల్లు ఏది? పెళ్ళి సంబంధాలలో 'అమెరికా' అన్న మాటకు ఉన్న విలువ 'వచ్చేశాడు' అన్న మాటకు లేదు. ఆ చూపులకు వెరచి రావాలనుకున్నవారూ ఆగిపోతారు.

ఇది ఈనాటి కథ కూడా కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో చదువుకని అమెరికా వెళ్ళారు. బోదకాలు జబ్బుకు మందు కనుగొనే కృషికి నాయకత్వం వహించారు. లోకానికి మేలు చేశారు. 1948లో అక్కడే కన్నుమూశారు. మళ్ళీ ఊరు చూడలేదు. గుంటూరు సీమకు చెందిన యలవర్తి నాయుడమ్మ కూడా అమెరికాలోనే డాక్టరేటు చేశారు. ఆయన తిరిగి వచ్చారు. మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థలో తన చదువుకు తగిన పని దొరికింది. ఆ సంస్థకే డైరెక్టరై దేశదేశాల్లో పేరు తెచ్చారు. రప్పించాలంటే పిలుపు చాలదు, పని కావాలి.

వచ్చే వేసవిలో పొలం కాగితాలు బ్యాంకుకు తీసుకువెళ్ళబోయే తండ్రులు ముందుగా ఇంట్లో ఒక లెక్క వేసుకోవాలి. అక్కడ ఉద్యోగం రాకపోతే ఈ వాయిదా ఇక్కడి సంపాదనతో కట్టగలమా? ఆ లెక్క పిల్లవాడి ఎదుటే వేయాలి. కట్టగలిగినంతే అప్పు చేస్తే, తిరుగు దారి మూసుకుపోదు. దానితోపాటు మరో మాట కూడా చెప్పి పంపాలి: "నీకు రావాలనిపించిన రోజున వచ్చెయ్యి. ఎందుకొచ్చావని మేము అడగము".