బండి మారింది, మరి మన రాకపోకలో?

ధాన్యం, ఎరువుల బస్తాలు తోలుకోవడానికి ఇన్నాళ్లూ మన సంఘానికి అక్కరకొచ్చిన పాత లారీ ఇరుసు విరిగి కూలబడింది. ఛాసిస్ కూడా పగిలింది. బాగుచేయించే ఖర్చుకు ఇంకో బండి వస్తదన్నాడు మెకానిక్. తలా కొంత చందా వేసుకుని పాతకాలం మటడోర్ పికప్ కొన్నాం. ఈ బండ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయినా, దీని గుట్టంతా మన మెకానిక్‌కు తెలుసు.

బండి రాగానే, "రేపటినుంచి మిరపకోతలకు అందరం ఇందులోనే పోదాం" అన్నారు ఆడకూలీలు. మేం వద్దన్నాం. వాళ్లకు కోపమొచ్చింది. కానీ ఆలోచించండి. ఇది సరుకుల బండి. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు నష్టపరిహారం కట్టే బాధ్యత బీమా కంపెనీకి లేదని ఆశారాణి కేసులో 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. బండి బోల్తాపడితే, ప్రాణం పోయిన కూలీ పిల్లలు ఎవరిని అడగాలి? బండిగలవాణ్ణి, అంటే మన సంఘాన్నే! మన దగ్గరేముంది?

బస్తాల్లా మనుషుల్ని కుక్కి తోలితే మిగిలే కిరాయి మేస్త్రీకి, ఆసామికి లాభం. విరిగే కాళ్లు మాత్రం మనవి. అందుకే మన బండి బస్తాలకే. పనికి పిలిచినవాడే సీట్లున్న బండి పెట్టాలి, లేదా బస్సు చార్జీ ఇవ్వాలి. ఈసారి కూలిరేటు మాట్లాడేటప్పుడు ఈ మాట కూడా కాగితం మీద రాయించుకుందాం!