తవ్విన మొక్కకు కొమ్మలెందుకు కత్తిరిస్తారు?

పెరట్లో తీసేస్తున్న ముదురు కాగితంపూల మొక్కను బోన్సాయ్‌గా, అంటే కుండీలో పొట్టి చెట్టుగా పెంచాలంటే, ముందు కొమ్మలు కత్తిరిస్తారు. ఎందుకు?

నీటిని ఎక్కువగా పీల్చేది లావు వేళ్లు కాదు. సన్నని వేళ్ల కొసల దగ్గర నూగులా ఉండే మూలకేశాలు. తవ్వేటప్పుడు అవి చాలావరకు తెగిపోతాయి. ఆకులు మాత్రం పత్రరంధ్రాల నుంచి నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. రాబడి తగ్గినా ఖర్చు తగ్గని ఇల్లులా మొక్క చితికిపోతుంది. కొమ్మలు తగ్గిస్తే ఆ ఖర్చు తగ్గుతుంది.

ఎలా నాటాలి? అడుగున రంధ్రాలున్న కుండీలో ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, కొద్దిగా ఎర్రమట్టి కలిపి నింపాలి. నీరు నిలిస్తే గాలి అందక వేళ్లు కుళ్లుతాయి. మొదలు ఊగితే లేత వేళ్లు తెగుతాయి కాబట్టి తీగతో కుండీకి బిగించాలి. నీడలో ఉంచాలి. చిగుళ్లు ముదిరేదాకా ఎరువు వేయకూడదు.

పిల్లలూ, అడవి మొక్కల జోలికి మాత్రం వెళ్లకండి. పెరటి మొక్కనైనా పెద్దలనడిగే తవ్వండి.