మతిమరుపు, దిగులు, ముట్లుడుగు వయసు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాడి పని చాలావరకు ఆడవారి చేతిమీదే నడుస్తున్నది. గేదె ఎప్పుడు ఎదకు వచ్చిందీ, ఏ రోజున సూది వేయించిందీ వారి జ్ఞాపకంలోనే ఉంటుంది. నలభై అయిదు దాటిన సభ్యురాళ్ళు కొందరు, "ఈ మధ్య ఏదీ గుర్తుండడం లేదు" అని మేము సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు చెబుతున్నారు. ఇంట్లోవారు దీన్ని అశ్రద్ధ అంటున్నారు. ఇది అశ్రద్ధ కాదు. దీనికి శరీరంలోనే కారణాలున్నవి.

హార్మోను పని

గేదెను ఎదకు తెచ్చే ఈస్ట్రోజన్ హార్మోనే స్త్రీ అండాశయాల్లోనూ తయారవుతుంది. మెదడులో కొత్త సంగతులను పదిలపరచే భాగానికి కూడా ఇది తోడ్పడుతుంది. ముట్లుడిగే ముందు కొన్నేళ్ళపాటు ఇది హెచ్చుతగ్గులై, చివరకు బాగా తగ్గిపోతుంది. ఆ రోజుల్లో ఒంట్లో ఆవిర్లు, రాత్రి చెమటలు వచ్చి నిద్ర చెడుతుంది. నిద్ర చాలకపోతే పగటి సంగతులు మనసులో నిలవవు. అమెరికాలో 2,362 మంది స్త్రీలను నాలుగేళ్ళు పరిశీలించి 2009లో ప్రకటించిన ఫలితాల్లో, ఈ మార్పు కాలంలో నేర్చుకొనే శక్తి కొంత మందగించి, ముట్లు ఆగిన తరువాత మళ్ళీ కోలుకున్నట్లు తేలింది. కనుక భయపడనక్కరలేదు.

దిగులు పని

దిగులు పడినప్పుడు మూత్రపిండాలపైనున్న గ్రంథులు కార్టిజాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. కొద్దిసేపైతే మేలే. నెలల తరబడి సాగితే జ్ఞాపకశక్తికి చెరుపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషిని డయాలసిస్‌కు తిప్పే ఇల్లాలు, భర్త హైదరాబాదుకో చెన్నైకో వలస పోగా ఒంటరిగా పాడి చూసుకొనే ఇల్లాలు, 2018 తిత్లీ తుపానులో కొబ్బరి, జీడి చెట్లు పోగొట్టుకున్న ఇల్లాలు పాలకేంద్రంలో నిలబడ్డా మనసు అక్కడ ఉండదు. వెన్న శాతం చెప్పినా చెవినపడదు. చెవినపడనిది గుర్తెలా ఉంటుంది?

గర్భసంచి ఆపరేషను

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3.2 మంది కాగా, మన రాష్ట్రంలో 8.9 మంది. గర్భసంచితోపాటు రెండు అండాశయాలు కూడా తీసివేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. చిన్న వయసులో అలా తీయించుకున్నవారికి ముసలితనంలో జ్ఞాపకశక్తి తగ్గే ప్రమాదం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నవి. ఒప్పుకొనే ముందు, "మందులతో నయం కాదా? అండాశయాలు కూడా తీస్తారా?" అని డాక్టరును అడగండి. ఆపరేషను కాగితాలు దాచుకోండి.

చేయవలసినవి

1. థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు చేయించుకోండి. ఈ లోపాలవల్ల కూడా మతిమరుపు వస్తుంది, మందులతో నయమవుతుంది.

2. బి12 పాలలో ఉన్నది. పాలన్నీ కేంద్రానికి పోయక, ఇల్లాలికీ ఒక గ్లాసు ఉంచండి.

3. సూది వేయించిన తేదీ గోడ క్యాలెండరులో రాయండి. ఇరవై ఒకటో రోజుకు కూడా గుర్తు పెట్టండి. ఆ రోజుల్లో గేదె మళ్ళీ ఎదకు వచ్చిందేమో చూడాలి.

4. దిగులు విడవకపోతే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

5. తెలిసిన దారి తప్పుతున్నా, డబ్బు లెక్క తెలియకపోతున్నా, అయినవారిని గుర్తుపట్టలేకపోతున్నా అది వేరే జబ్బు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

సంఘ కార్యదర్శులకు మా మనవి: పాల కొలత, వెన్న శాతం పైకి చదివి, చీటీ సభ్యురాలి చేతికే ఇవ్వండి. మరచి మళ్ళీ అడిగితే విసుక్కోక మళ్ళీ చెప్పండి.